మందు చేరవలసిన గడప

బిడ్డ పుట్టిన రెండవనాడో మూడవనాడో పాలు కుడుచుట మాని, మగతగా పడియుండి, ఎంత తట్టినను కన్ను తెఱువకున్నచో, మన యిండ్లలోని పెద్దలు మొదట దృష్టి తగిలినదందురు. పిమ్మట పాలు పడలేదందురు. పాలు పడలేదను మాట యొక్కొక్కప్పుడు అక్షరాల నిజమగుట గలదు. తల్లిపాలలోని మాంసకృత్తులు శరీరమున విఱిగినప్పుడు అమ్మోనియా యను విషపదార్థము పుట్టును. ఇది యెల్లరి దేహములలోను దినదినము పుట్టునదే. ఆరోగ్యవంతులలో కాలేయము దానిని పట్టి, వరుసగా కొన్ని మెట్లమీద నడిపించి, యూరియాగా మార్చి, మూత్రముతో వెడలగొట్టును. ఒక్కొక్క మెట్టుకడ నొక్కొక్క ఎంజైము పనిచేయుచుండును. వానిలో నొక్కటి పుట్టుకతోనే లోపించినచో అమ్మోనియా నెత్తుటిలో నిలిచి మెదడునకెక్కును. అమృతమని మనము చెప్పుకొను తల్లిపాలే యా బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చును.

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతమున నిట్టి మగశిశువొకడు పుట్టెను. ఆతనికి లోపించినది మొదటి మెట్టునందలి ఎంజైము. సుమారు 13 లక్షల కాన్పులలో నొక శిశువునకు మాత్రమే వచ్చు జబ్బది. వచ్చినవారిలో దాదాపు సగముమంది పసితనముననే పోవుదురు. అంతవఱకును వైద్యులు చేయగలిగినది యేమనగా, మాంసకృత్తులను కొలిచి తగ్గించిన యాహార మిచ్చుట, అమ్మోనియాను తగ్గించు మందులు పోయుట, బిడ్డ శస్త్రచికిత్సకు తాళగలిగినంత పెరిగిన పిమ్మట మఱియొకరి కాలేయమును దెచ్చి యమర్చుట. ఈలోపల చిన్న జలుబు చేసినను, జ్వరము తగిలినను అమ్మోనియా పైకెగయును. ఎగసిన ప్రతిసారియు మెదడునకు హాని గలుగవచ్చును. ఆ తల్లి యా నెలలెట్లు గడపినదో తల్లులైన చదువరులకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ బిడ్డకేమి చేసిరో చెప్పుటకు పూర్వము, అదే నగరమున 1999వ సంవత్సరము సెప్టెంబరు నెలలో జరిగిన యొక విషాదమును చెప్పవలసియున్నది. అప్పుడు రోగి పసిబిడ్డ కాదు. 18 ఏండ్ల యువకుడు. ఆతనికి లోపించినది రెండవ మెట్టునందలి ఎంజైము. లోపము సంపూర్ణము కాకపోవుటచే పథ్యముతోను మందులతోను కాలక్షేపము చేయుచుండెను. తనకంటె తీవ్రముగా నీ జబ్బుతో పుట్టి చనిపోవు శిశువులకు మేలగునను తలంపుతో నాతడొక ప్రయోగమునకు తన దేహము నొప్పగించెను. వైద్యులు మంచి జన్యువును, జలుబు కలిగించు నొకజాతి వైరసును బలహీనపఱచి, దానిలో నుంచి, కాలేయమునకు నెత్తురు గొనిపోవు ధమనిలోనికి సూటిగా నెక్కించిరి. కాలేయపు వీథిలోనే విడిచిరి గదా, త్రోవ తప్పదని వారి యూహ. కాని యా వైరసు కాలేయకణములలో మాత్రమే చేరి యూరకుండలేదు. ప్లీహమునందును, ఎముకల మూలుగయందును, మఱి యితర స్థానములయందును వ్యాపించెను. చొరబడిన శత్రువును జూచి దేహరక్షక కణములన్నియు నొక్కసారి విజృంభించెను. ఆ విజృంభణమునకు దేహమే తట్టుకొనలేకపోయెను. నాలుగు దినములలో నా యువకుడు మరణించెను. ఆ పిమ్మట ననేక సంవత్సరములు జన్యుచికిత్స యన్న ప్రజలును ప్రభుత్వములును భయపడిరి. భయపడుటయు న్యాయమే.

ఈ రెండు కథలకు నడుమ నిరువదియైదేండ్లు గడచినవి. నగరమొక్కటే, రోగములు రెండును ఒకే కుటుంబమునకు జెందినవి, మందు చేరవలసిన యవయవమును రెండిట కాలేయమే. ఈ నడుమ మాఱిన వానిలో ముఖ్యమైనది మందును మోసికొనిపోవు వాహనము. పత్రికలలో "జన్యువును సవరించినారు" అని పెద్ద యక్షరములతో వ్రాయుదురే కాని, ఆ సవరించు పరికరము సరియైన కణపు గడప నెట్లు దాటినదో వ్రాయువారరుదు. నా మట్టుకు నాకా రెండవ సంగతియే యెక్కువ యాశ్చర్యముగ దోచినది.

మొదట న్యూక్లిక్ ఆమ్లములనగా నేమో కొంచెము తెలిసికొందము. 1869వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ట్యూబింగెన్ పట్టణమున, పాతకోటలోని వంటశాలను ప్రయోగశాలగా మార్చిన గదిలో, ఫ్రీడ్రిష్ మీషర్ అను స్విట్జర్లండు యువకుడు ఆసుపత్రినుండి తెచ్చిన చీముకట్లను కడిగి, ఆ చీములోని కణముల కేంద్రకములనుండి క్రొత్త పదార్థమొకటి వేఱుచేసెను. నేడు మనము డి.ఎన్.ఎ. యనునదే యది. వంటయింటిలో శాస్త్రము పుట్టదని యెవరైన ననినచో మన మీ కోటను జూపవచ్చును.

డి.ఎన్.ఎ. యనునది భోషాణములో భద్రముగ దాచిన మూలపత్రము వంటిది. అది కేంద్రకమునుండి బయటికి రాదు. ఏ మాంసకృత్తు కావలసినను దానికి సంబంధించిన భాగమునకు మాత్రము నకలు వ్రాయబడి వెలుపలికి వచ్చును. ఆ నకలు ఆర్.ఎన్.ఎ. నకలును జూచి కణము మాంసకృత్తును దయారుచేయును. కావున కణములో నేదైన లోపించినప్పుడు మంచి నకలు నొకదానిని పంపవచ్చును. చెడ్డ మాంసకృత్తు తయారగుచున్నచో, దాని నకలునకు ఎదురుగా నతుకుకొనునట్టి చిన్న తునుకను పంపి, యా నకలును పనికిరాకుండ జేయవచ్చును. మూలపత్రమునందే యక్షరము తప్పినచో నా తప్పును దిద్దు పరికరమును బంపవచ్చును. ఆలోచన యింత సులభము. 1978లోనే హార్వర్డు విశ్వవిద్యాలయమున పాల్ జామెక్నిక్ అను నాయనయు మేరీ స్టీఫెన్‌సన్ అను నామెయు చిన్న డి.ఎన్.ఎ. తునుకతో కోళ్ల వైరసొకదానిని కణములలో నడ్డగించి చూపిరి. అయినను అట్టి తునుక మొదటిసారి యౌషధముగా నంగీకరింపబడుటకు 1998వ సంవత్సరము రావలసివచ్చెను. ఇరువదియేండ్లు! అదియు కంటిలో పొడుచు మందుగా మాత్రమే.

ఇంత యాలస్యమునకు గారణము దారి. మన దేహమున రమారమి 30 లక్షల కోట్ల కణములున్నవి. సూదితో నెత్తుటిలోనికి వదలిన ఆర్.ఎన్.ఎ. తునుక కేమగునో చూడుడు. నెత్తుటిలోను, చర్మముమీదను, కన్నీటిలోను సైతము ఆర్.ఎన్.ఎ.ను ముక్కలు చేయు ఎంజైములు గలవు; బయటి వైరసుల ఆర్.ఎన్.ఎ.ను నాశము చేయుటకు ప్రకృతి చేసిన యేర్పాటది. వాననీటిలో వేసిన జాబువలె, కవచము లేని ఆర్.ఎన్.ఎ. చదువదగకుండ పోవును. ముక్కలు కాక మిగిలినదానిని చిన్నదగుటచే మూత్రపిండములు నిమిషములలో వడకట్టి పాఱవేయును. అదియు దాటిన దానిని దేహరక్షక కణములు క్రొత్తదానినిగా గుర్తించి మ్రింగును. ఒక్కొక్కప్పుడు జ్వరమును దెప్పించును. ఇవన్నియు గడచి కావలసిన కణముకడకు జేరినను, కణమునకు కొవ్వుతో నేర్పడిన పలుచని పొర యొకటి గలదు. న్యూక్లిక్ ఆమ్లము ఋణవిద్యుత్తు గలిగి నీటిలో కరగు వస్తువు. కొవ్వుపొరను దానంతటది దాటలేదు.

అసలు కష్ట మింకను ఉన్నది. కణము బయటి వస్తువును లోనికి దీసికొనునప్పుడు దానిని నేరుగ నడుమగదిలోనికి రానీయదు. తన పొరనే చిన్న సంచిగ మడిచి, వస్తువు నా సంచిలో బంధించి, సంచిలో పులుపును క్రమముగ హెచ్చించి, కడకు జీర్ణము చేసివేయును. ఆ సంచినుండి తప్పించుకొని బయటపడిననే మందు మందగును. మిక్కిలి నేర్పుతో జేసిన కొవ్వుగుళికలలోని ఆర్.ఎన్.ఎ.లో సయితము నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే యట్లు తప్పించుకొనుచున్నవని 2013లో ప్రకటించిన పరిశోధనములో తేలినది. తక్కినదంతయు సంచిలోనే నశించును. అయినను ఆ ఒకటి రెండు పాళ్లతోనే రోగము కుదురుచున్నదన్న, ఆ తునుకల శక్తి యెంతటిదో గ్రహింపవచ్చును.

దారి యిట్లు దుర్గమమైనప్పుడు, దారి లేకుండగనే మందును గడపలోనుంచుట మొదటి యుపాయము. కన్ను చిన్న గది, తక్కిన దేహమునుండి కొంత వేఱుపడి యున్నది. కావున తొలిమందు కంటికి దొరకెను. మెదడునకును వెన్నుపామునకును చుట్టు కట్టుదిట్టమైన గోడవంటి యేర్పాటున్నది. నెత్తుటిలో వేసిన తునుక యా గోడను దాటదు. కాని వెన్నెముకలో నడుముకడ సూది దించి, వెన్నుపాము చుట్టునుండు నీటిలో మందు నుంచిన, నాడీకణములు దానిని దామే పీల్చుకొనును. వెన్నుపామునందలి నాడులు క్రమముగ నశించి శిశువు మెడ నిలుపలేక, కూర్చుండలేక, కడకు ఊపిరి తీయలేక పోవు రోగమొకటి గలదు. దానిని ఎస్.ఎం.ఎ. యందురు. దాదాపు 10,000 కాన్పులలో నొకటికి వచ్చును. 2016 డిసెంబరులో దీనికై నుసినెర్సెన్ అను న్యూక్లిక్ ఆమ్లపు మందు అమెరికాలో నంగీకరింపబడెను. మొదటి రెండు నెలలలో నాలుగు మోతాదులును, పిమ్మట నాలుగు నెలలకొకటియు జీవితాంతము వేయవలెను. నడుములో సూది యన్న పెద్దలకే గుండె జల్లుమనును. కాని మెడ నిలుపని బిడ్డ కూర్చుండుట జూచిన తల్లు లా సూదిని సహించిరి.

దేహమంతటికిని కన్నువలెను వెన్నువలెను దగ్గఱిదారి లేదు. అందుచే నెత్తుటి త్రోవనే పోవలసిన మందులకు మొదట తలుపు తెఱచినది కాలేయము. ఇది యాకస్మికము కాదు. గుండె పంపు నెత్తుటిలో దాదాపు నాలవవంతు కాలేయముగుండ ప్రవహించును. ఇతర స్థానములలో నెత్తుటి గొట్టముల గోడలు సందులేక యుండగా, కాలేయమున జల్లెడవలె రంధ్రములుండును. అంతేగాక అది దేహమునకు వంటయిల్లును, కొట్టుగదియు, చెత్త యెత్తు చోటునుగూడ. నెత్తుటిలోని కొవ్వులను, ముదిసిన మాంసకృత్తులను దీసికొనుట దాని నిత్యకృత్యము. అట్టి యింటికి కావలసిన వస్తువుల వేషము వేసికొని పోయినచో తలుపు తెఱచునుగదా.

మొదటి వేషము కొవ్వు. కెనడా దేశమందలి వాంకూవరు నగరమున పీటర్ కల్లిస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహాధ్యాయులును చిరకాలము కొవ్వులను గూర్చి పరిశోధించిరి. వారును ఇతరులును తయారుచేసిన గుళిక యెంతయనగా, ఒక మిల్లీమీటరును 10,000 భాగములు చేసినచో నందొక భాగము. అందు నాలుగు విధములైన కొవ్వులున్నవి. మన మెఱిగిన కొలెస్టరాలు వానిలో నొకటి. అన్నిటికంటె నేర్పుగ చేసిన కొవ్వు మఱియొకటి గలదు. అది నెత్తుటిలో నున్నంతసేపు ఏ విద్యుత్తును లేక సాధువుగ నుండును. పులుపు తగిలిన తోడనే ధనవిద్యుత్తును పొంది, దగ్గఱనున్న పొరను చెఱచును. పాలలో నిమ్మరసము పడిన క్షణములోనే పాలరూపు మాఱుట మన మెఱుగుదుముగదా. పులుపునకు రూపు మార్చుకొను గుణమును శాస్త్రజ్ఞు లీ కొవ్వులో బుద్ధిపూర్వకముగ నిమిడ్చిరి. కణము తన సంచిలో పులుపు పెంచి గుళికను జీర్ణము చేయజూచును. ఆ పులుపే గుళికకు సంచిని చింపుకొని వెలుపలికి వచ్చు బలమునిచ్చును.

ఈ గుళికపై కాలేయపు చిరునామాను శాస్త్రజ్ఞులు వ్రాయలేదు. నెత్తుటిలో ప్రవేశించిన వెంటనే అపోలిపోప్రోటీన్-ఇ యను మన సొంత మాంసకృత్తే వచ్చి దానికంటుకొనును. కొవ్వుల మూటలను కాలేయమునకు జేర్చుట దాని నిత్యపు పని. కొవ్వుమూట వచ్చినదని కాలేయకణము తలుపు తెఱచును. 2018 ఆగస్టులో అంగీకరింపబడిన పటిసిరాన్ అను మందీ త్రోవనే పోయెను. కొన్ని కుటుంబములలో కాలేయము తయారుచేయు మాంసకృత్తొకటి వంకరపోయి నాడులలోను గుండెలోను పేరుకొనును. మొదట పాదములలో తిమ్మిరి, మంట. పిమ్మట నడక పోవును. తండ్రికి వచ్చినది కొడుకునకో కూతునకో సంక్రమించును. మూడువారముల కొకసారి నెత్తుటి నాళములో నెక్కించు పటిసిరాన్ ఆ మాంసకృత్తు నకళ్లను కాలేయముననే నశింపజేయును. ఇట్లు నకలును నశింపజేయు విద్యను 1998లో చిన్న పురుగులలో కనుగొన్న యాండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో యను వారికి 2006లో నోబెలు బహుమాన మిచ్చిరి. బహుమానమునకును మందునకును నడుమ పండ్రెండేండ్లు త్రోవ వెదకుటకే సరిపోయినవి.

కోవిడు టీకాలలో కొన్ని యిట్టి గుళికలతో జేసినవే యని చదువరులకు తెలిసియుండును. టీకా విషయమున చిరునామా యంత నిక్కచ్చిగ నుండనక్కఱలేదు. భుజపు కండలోను దగ్గఱి గ్రంథులలోను కొన్ని కణములకు చేరిన చాలును. అక్కడి కష్టము వేఱు. బయటినుండి వచ్చిన ఆర్.ఎన్.ఎ.ను దేహము శత్రువని తలచి మండిపడుచుండెను. ఈ కష్టమును దీర్చినవారిలో కాటలిన్ కారికో అను హంగేరీ స్త్రీ ముఖ్యురాలు. ఆమె తండ్రి మాంసపు దుకాణము నడుపువాడు. 1985లో భర్తతోను రెండేండ్ల కూతురితోను అమెరికాకు బయలుదేరినప్పుడు, దేశమునుండి సొమ్ము కొనిపోరాదను నిబంధన గలదు గావున, కారు నమ్మగా వచ్చిన రమారమి 900 పౌనులను కూతురి బొమ్మ యెలుగుబంటి పొట్టలో కుట్టి తీసికొనిపోయెను. ఆర్.ఎన్.ఎ. పనికి ధనసహాయము దొరకక 1995లో ఆమె యుద్యోగము తగ్గింపబడెను. అయినను ఆమె విడువలేదు. డ్రూ వైస్మన్ అను వైద్యునితో గలసి, ఆర్.ఎన్.ఎ. నాలుగక్షరములలో నొకదానిని కొంచెము మార్చినచో దేహము మండిపడదని 2005లో చూపెను. 2023లో వారిరువురికిని నోబెలు బహుమానము వచ్చినది.

మన దేశముననుగూడ నీ విద్య వేళ్లూనుచున్నది. 2022లో పుణే నగరమున తయారైన ఆర్.ఎన్.ఎ. టీకా అంగీకరింపబడినది, ఆ సంవత్సరమే హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తామును అట్టి టీకా తయారుచేయు పద్ధతిని సాధించి యెలుకలలో పరీక్షించితిమని ప్రకటించిరి. ఒక సంగతి చెప్పక యుండలేను. ప్రయోగశాలలో ఆర్.ఎన్.ఎ. కూర్చుటకు కావలసిన నాలుగు ముడిసరుకులలో నొకటి ఏ.టి.పి. యను పదార్థము. దానిని 1929లో కండలనుండి వేఱుచేసి ప్రకటించినవారు సైరస్ ఫిస్కి, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారును. అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను.

రెండవ వేషము చక్కెర. ఇది యెవ్వరును మందుకొఱకు వెదకి కనుగొన్నది కాదు. 1960 తరువాతి సంవత్సరములలో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనటోల్ మోరెల్ అను నిరువురు నెత్తుటిలో రాగిని మోయు మాంసకృత్తొకదాని యాయుర్దాయమును గుర్తింపగోరిరి. గుర్తు పెట్టుటకై దాని కొసలనున్న యొక విధమైన చక్కెరను దీసివేసి కుందేళ్లకు సూదితో నెక్కించిరి. మాంసకృత్తు చాలగంటలు నెత్తుటిలో తిరుగునని చూడగా, నిమిషములలో మాయమయ్యెను! వెదకగా కాలేయమున దొరకెను. కొస చక్కెర పోవుటచే దాని లోపలి గాలక్టోసు బయటపడినది. పాలలోని చక్కెరలో సగముండు గాలక్టోసే యిది. దానిని గుర్తించి పట్టుకొను గ్రాహకములు కాలేయకణముల మీద లక్షలకొలది గలవని పిమ్మట తెలిసినది. అవి యొకదానిని లోనికి చేర్చి, మరల పైకి వచ్చి, ఇంకొకదానికై నిలుచును. ఇతర కణములమీద నవి లేవనదగినంత తక్కువ.

దాదాపు నలువదియేండ్లకు పిమ్మట ఔషధశాస్త్రజ్ఞు లీ గ్రాహకమును జ్ఞాపకము చేసికొనిరి. గాలక్టోసునకు జ్ఞాతియగు చక్కెరను మూడు కొమ్మలుగ ఆర్.ఎన్.ఎ. తునుకకు తగిలించిరి. కొవ్వుగుళిక యక్కఱయే లేకపోయెను. పొట్టచర్మము క్రింద చిన్న సూది చాలును. ఇట్టి మందులలో నొకటి స్త్రీల కెక్కువగ సంబంధించినది. తీవ్రమైన పోర్ఫిరియా యను వ్యాధిలో, నెత్తుటి యెఱుపునకు కావలసిన పదార్థమును చేయు వరుసలో లోపముండుటచే విషద్రవ్యములు కాలేయమున పేరుకొని, భరింపరాని కడుపునొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు మతిభ్రమయు కలుగును. ఇది యెక్కువగ యౌవనములోనున్న స్త్రీలకు, అందును బహిష్టుకాలపు మార్పులనుబట్టి వచ్చును. పొట్టకోసి చూచినను ఏమియు కనబడదు గనుక, "ఇదంతయు మనసులోని జబ్బు" అని చీవాట్లు తిన్న స్త్రీలనేకులు. 2019 నవంబరులో గివోసిరాన్ అను చక్కెర తగిలించిన మందు అంగీకరింపబడెను. 94 మందిమీద జరిపిన పరీక్షలో, నెలకొక సూదితో, మందు పొందినవారికి నొప్పి దాడులు తక్కినవారికంటె నూటికి 74 పాళ్లు తగ్గినవి. ఇదే పద్ధతిని కొలెస్టరాలు తగ్గించుటకు వచ్చిన ఇంక్లిసిరాన్ అను మందు, మొదటి రెండు మోతాదుల పిమ్మట, ఏటికి రెండుసార్లు వేసిన చాలును.

ఇక ఫిలడెల్ఫియా శిశువు. అక్కడి పిల్లల ఆసుపత్రిలోని రెబెకా ఆరెన్స్-నిక్లాస్ అను వైద్యురాలును, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమందలి కిరణ్ ముసునూరు అను వైద్యుడును, మఱియనేకులును గలసి, ఆ యొక్క బిడ్డ మూలపత్రములోని ఆ యొక్క తప్పుటక్షరమును దిద్దు పరికరమును ఆఱునెలలలో తయారుచేసిరి. ఆ పరికరపు నకలును, దానికి చోటు చూపు ఆర్.ఎన్.ఎ. తునుకను పైన చెప్పిన కొవ్వుగుళికలలో నుంచిరి. 2025 ఫిబ్రవరిలో మొదట మిక్కిలి కొంచెముగ నెక్కించి, బిడ్డ తాళగలిగినాడని చూచి, మార్చిలోను ఏప్రిలులోను మోతాదు హెచ్చించి మరల నిచ్చిరి. ఇక్కడ గమనింపదగిన దొకటి గలదు. వైరసును వాహనముగ వాడిన చికిత్సను సామాన్యముగ నొక్కసారి మాత్రమే చేయవచ్చును. రెండవమాఱు దేహము దానిని గుర్తుపట్టి తఱుమును. కొవ్వుగుళిక కట్టి గుర్తు లేదు. కావుననే కొంచెము కొంచెముగ, జాగ్రత్తగ, మూడుసార్లు వేయుటకు సాధ్యమయ్యెను. పిమ్మట బిడ్డకు మాంసకృత్తుల యాహారము పెంచిరి, మందు తగ్గించిరి, జలుబు వచ్చినను అమ్మోనియా ప్రాణాపాయముగ నెగయలేదు. జూను నెలలో ఆతడింటికి వెడలెను. రోగము పూర్తిగ పోయినదని వైద్యు లనలేదు. ఎన్ని యేండ్లో కనిపెట్టి చూడవలయునని చెప్పిరి.

ఆ శిశువు జబ్బువంటివి తల్లినుండి యొకటియు తండ్రినుండి యొకటియు లోపముగల జన్యువులు రెండును కలిసిననే వచ్చును. మేనరికములును, అక్కకూతును చేసికొనుటయు మన తెలుగునాట నాచారమైయుండుటచే, దగ్గఱి సంబంధములలో నిట్టి కలయిక కవకాశ మెక్కువ. కారణము తెలియకుండ పురిటిలోనే బిడ్డ పోయిన యింటివారు, తరువాతి కాన్పునకు ముందు జన్యుపరీక్ష చేయించుకొనుట మంచిది, హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలలో నట్టి పరీక్షలు గలవు. కోడలి నోటికాడి పాలనో, కోడలి జాతకమునో నిందించుటకంటె నది యుత్తమము.

కాలేయపు గడప తెలిసినది గాని, తక్కిన గడపలు సులభముగ తెలియుటలేదు. కండలకు చేర్చవలెనన్న దేహమంతట వ్యాపించిన కండలకు చాలునంత మందు పోయవలెను. అంత పోసినప్పుడు ఎక్కువ భాగము కాలేయమే పట్టుకొనును. కండలు క్షీణించు డుషేన్ వ్యాధికి వైరసు వాహనముతో పెద్ద మోతాదు పొందిన బాలు రిరువురు 2025లో కాలేయము చెడి మరణించిరి. 1999 నాటి భయము పూర్తిగ తీఱలేదనుట కిది చాలును. నెత్తుటిలోని యినుమును మోయు మాంసకృత్తునకు తలుపుతీయు గ్రాహకము కండలమీదను, మెదడు గోడమీదను ఉన్నది. ఆ తలుపున మందును పంపు ప్రయత్నములు జరుగుచున్నవి. నాలుగు కొవ్వులకు ఐదవదానిని చేర్చి గుళికను కాలేయమునకు బదులు ఊపిరితిత్తులకో ప్లీహమునకో త్రిప్పవచ్చునని డల్లస్ నగర శాస్త్రజ్ఞులు 2020లో నెలుకలమీద చూపిరి. ఎలుకకును మనుష్యునకును ఎంత దూరమో వారికిని తెలియును.

వెల మాట చెప్పక తప్పదు. ఎస్.ఎం.ఎ.కు 2019లో వచ్చిన వైరసు వాహనపు మందు వెల అమెరికాలో ఒక్క మోతాదునకు రమారమి 21 లక్షల డాలర్లు. అరుదైన వ్యాధులకు మన ప్రభుత్వము 2021లో విధానము ప్రకటించి, 2022లో ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయలవఱకు సహాయము నిర్ణయించినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచినచో తల్లిదండ్రు లేల వీథినబడి చందాలెత్తుచున్నారో బోధపడును.

మన మన్యప్రాంతములలోని గిరిజనులలో కొడవలికణముల వ్యాధి చాలకాలముగ నున్నది. గుండ్రముగ నుండవలసిన నెత్తుటికణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, కీళ్లలోను ఎముకలలోను దుర్భరమైన నొప్పి పుట్టించును. గర్భిణుల కది మఱింత యపాయము. 2023 జూలైలో ఈ వ్యాధి నిర్మూలనకు దేశమందంతట పరీక్షల యుద్యమ మారంభమైనది. అదే సంవత్సరము నవంబరులో ఇంగ్లండును, డిసెంబరులో అమెరికాయు దీనికొక జన్యుచికిత్స నంగీకరించినవి. కాని యందు మూలుగకణములను దేహమునుండి వెలుపలికి దీసి, దిద్ది, దేహములో మిగిలిన మూలుగను ఘోరమైన మందులతో మాడ్చి, పిమ్మట దిద్దినవానిని మరల నెక్కింపవలెను. ఆ మందులచే స్త్రీకి సంతానయోగ్యత పోవు ప్రమాదమున్నది; నెలలతరబడి పెద్ద యాసుపత్రిలో నుండవలెను. పాడేరు కొండలమీది పిల్ల కది కలలోని మాట. ఆ పిల్లకు కావలసినది భుజముననో చేతి నరముననో వేయు సూది యొకటి. తనంతట తాను ఎముకలలోనికి పోయి, మూలుగలోని మాతృకణముల గడపను మాత్రమే తట్టునట్టి గుళిక. కాలేయమునకు చక్కెర దొరకినట్లు ఆ కణములకు తగిన గుర్తేదో వెదకు ప్రయోగములు ప్రయోగశాలలలో జరుగుచున్నవి. ఎలుకలలోను కోతులలోను కొంత ఫలము కనబడినది.